రాబర్ట్ బ్రెస్సన్ ప్రభావం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ఫ్రెంచ్ దర్శకుడి సినిమాలు మొదటిసారి చూసినవాళ్ళూ, ఆయన పద్ధతిలో షార్ట్ ఫిల్మ్ తీద్దామని కెమెరా పట్టినవాళ్ళూ మళ్ళీ మళ్ళీ అడిగే సందేహాలను ఒకచోట చేర్చాం. ఎక్కడ మొదలుపెట్టి చదివినా ఇబ్బంది లేదు. కొన్ని కథల ముగింపులు బయటపడతాయి. దానికి ఆయనేమీ బాధపడేవారు కాదు, ఒక సినిమాకైతే పేరులోనే ముగింపు చెప్పేశారు.

## చూడబోయే ముందు

బ్రెస్సన్ అంటే గొదార్, త్రుఫోలతో కలిసి వచ్చిన న్యూవేవ్ దర్శకుడేనా?

కాదు. న్యూవేవ్ అంటే 1950ల చివర్లో ఫ్రాన్స్‌లో కుర్ర దర్శకులు తెచ్చిన కొత్త ధోరణి, బ్రెస్సన్ వాళ్ళకు ఒక తరం ముందువారు. పుట్టింది 1901లో. మొదట బొమ్మలు వేసేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లకు ఖైదీగా ఏడాదికి పైగా గడిపారు. మొదటి ఫీచర్ ఫిల్మ్ 1943లో, చివరిది 1983లో వచ్చాయి. 40 ఏళ్ళలో తీసినవి 13 మాత్రమే. 1999 డిసెంబరులో చనిపోయారు. న్యూవేవ్ కుర్రాళ్ళు తమ ముందరి ఫ్రెంచ్ సినిమాను దుమ్మెత్తిపోస్తున్న రోజుల్లో కూడా గౌరవంగా మినహాయించిన కొద్దిమందిలో ఆయన ఒకరు.

ఏ సినిమాతో మొదలుపెట్టాలి?

'ఎ మ్యాన్ ఎస్కేప్డ్' (1956, సుమారు 100 నిమిషాలు). లియోన్ నగరంలోని మోన్‌లూక్ జైలు నుంచి 1943లో తప్పించుకున్న ఆంద్రే దెవిన్యీ అనుభవం ఆధారంగా తీసింది. ఒక ఇనుప చెంచాను అరగదీసి, తలుపు చెక్కల సందులు తొలిచి, మంచం తీగతో, గుడ్డలతో తాడు పేని, లాంతరు చట్రంతో కొక్కేలు చేస్తాడు కథానాయకుడు. పని ఎలా జరుగుతుందన్నదే ఉత్కంఠ కాబట్టి బ్రెస్సన్ పద్ధతి కొత్తవాళ్ళకు కూడా అడ్డు రాదు.

తర్వాత 'పిక్‌పాకెట్' (1959, 75 నిమిషాలు), ఆపై 'లార్జాన్' (1983, 85 నిమిషాలు), అప్పుడు 'ఓ అజార్ బాల్తజార్' (1966, 95 నిమిషాలు) చూడండి. బ్రిటిష్ సినిమా పత్రిక సైట్ అండ్ సౌండ్ విమర్శకుల జాబితాలో 2012లో 16వ స్థానం, 2022లో 25వ స్థానం వచ్చాయి కదా అని చాలామంది 'బాల్తజార్'తోనే మొదలుపెడతారు. చేతులు మారుతూ పోయే ఒక గాడిద జీవితం అది. మనుషుల కథలు మధ్యలో తెగిపోతుంటాయి, ఎవరు ఎవరికి ఏమవుతారో ఒక్క మాటలో తేలిపోతుంది. ఆ మాట జారిపోతే తర్వాతి ఇరవై నిమిషాలు అయోమయమే.

క్రిటీరియన్ డిస్క్ తెప్పించుకుంటే ఇక్కడి ప్లేయర్లో ఆడుతుందా?

క్రిటీరియన్ గొప్ప సినిమాలను డిస్కులుగా తెచ్చే అమెరికన్ సంస్థ. డిస్కు ఏ దేశాల ప్లేయర్లలో ఆడుతుందో దాని రీజియన్ చెబుతుంది, క్రిటీరియన్ బ్లూ-రేలు మామూలుగా రీజియన్ ఎ. భారత్ రీజియన్ సి కిందికి వస్తుంది కాబట్టి ఇక్కడ కొన్న మామూలు ప్లేయర్ వాటిని తీసుకోదు. డీవీడీల్లో అమెరికా రీజియన్ 1, మనది 5. రీజియన్-ఫ్రీ ప్లేయర్ ఉంటే సమస్య లేదు. అమెరికాలో ఉన్న మనవాళ్ళకు నేరుగా ఆడతాయి. బ్రిటన్‌లో ఉన్నవాళ్ళు రీజియన్ బి డిస్కులు వెతుక్కోవాలి. 4కె యూహెచ్‌డీ డిస్కులకు ఈ గొడవ లేదు.

ఆయన రాసుకున్న 'నోట్స్' పుస్తకం ముందే చదవాలా?

వద్దు. 1975లో ఫ్రెంచ్‌లో వచ్చిన ఆ చిన్న పుస్తకం నిండా ఒకటి రెండు వాక్యాల ముక్కలే, తన పనికోసం తనకు తాను రాసుకున్నవి. కనీసం మూడు సినిమాలు చూడకుండా చదివితే సూక్తుల్లా కనిపిస్తాయి, వాట్సాప్ స్టేటస్‌లకు తప్ప పనికిరావు. చూశాక చదివితే ప్రతి ముక్కా ఏదో ఒక షాట్‌ను గుర్తు చేస్తుంది.

క్రైస్తవం గురించి తెలియకపోతే అర్థమవుతాయా?

అవుతాయి. 'డైరీ ఆఫ్ ఎ కంట్రీ ప్రీస్ట్' (1951) ఒక్కదానికి మాత్రం ఫాదర్ల జీవితం, పాప నివేదన అంటే ఏమిటో కొంచెం తెలిసి ఉంటే మేలు. చివరి సినిమాల్లో దేవుడి ప్రస్తావన బాగా తగ్గిపోయి డబ్బు, చెడు మిగులుతాయి.

## చూస్తున్నప్పుడు

నటులందరూ పాఠం అప్పజెప్పినట్టు మాట్లాడతారేంటి? నటన రాదా?

రాదు, అందుకే ఎంచుకున్నారు. 1950ల నుంచి బ్రెస్సన్ వృత్తి నటుల్ని దాదాపు పూర్తిగా మానేశారు. తను తీసుకున్నవాళ్ళను 'మోడల్' అని పిలిచేవారు, చిత్రకారుడి ముందు కూర్చునే మోడల్ అన్న అర్థంలో. 'ఎ మ్యాన్ ఎస్కేప్డ్'లో ఖైదీగా కనిపించే ఫ్రాన్సువా లెతెరియే తత్వశాస్త్రం చదువుకుంటున్న విద్యార్థి.

పద్ధతి ఇదీ. పాత్ర మనసులో ఏముందో మోడల్‌కు చెప్పరు. మాటలను భావం లేకుండా కంఠస్థం చేయిస్తారు. అదే కదలికను, అదే వాక్యాన్ని పదుల సార్లు చేయిస్తారు. నాలుగైదు టేకుల దాకా మనిషి 'నటించాలని' చూస్తాడు. ఆ తర్వాత అలసిపోయి, ధ్యాస వదిలేసి, తలుపు తీసినట్టే తలుపు తీస్తాడు. బ్రెస్సన్‌కు కావలసిన టేకు అక్కడ మొదలవుతుంది. మోడల్‌ను రెండోసారి తీసుకోకపోవడం కూడా ఇందుకే, ఒకసారి తెరమీద తన్ను తాను చూసుకున్న మనిషి ఇక అమాయకంగా ఉండలేడు. ఈ నియమానికి ఒక మినహాయింపు ఉంది: ఝాన్-క్లోద్ గిల్‌బేర్ 'బాల్తజార్'లోనూ, మరుసటి ఏడాది 'ముషెత్'లోనూ తాగుబోతుగానే కనిపిస్తాడు.

ఏడుపు నటుడి ముఖం మీదే పూర్తయిపోతే ప్రేక్షకుడికి చేయడానికి పనేమీ మిగలదు. ముఖం ఖాళీగా ఉంటే ముందు షాట్, తర్వాత షాట్ కలిసి దాన్ని నింపుతాయి.

ముఖాలు వదిలేసి చేతులు, కాళ్ళు, తలుపులు చూపిస్తారెందుకు?

ముఖం అబద్ధం చెప్పగలదు, పనిలో ఉన్న చెయ్యి చెప్పలేదు కాబట్టి. 'పిక్‌పాకెట్'లో గార్ ద లియోన్ రైల్వే స్టేషన్ ఘట్టం చూడండి. ముగ్గురు దొంగలు, ఒకడి చేతిలోంచి మరొకడి చేతిలోకి జారే పర్సులు. ఎవరి ముఖంలోనూ కంగారు లేదు, కంగారంతా కటింగ్‌లో ఉంది. చేతివాటం నేర్పింది కసాజీ అనే గారడీవాడు, దొంగల్లో ఒకడిగా నటించింది కూడా అతనే. అందుకే ఆ చేతులను నమ్ముతాం.

అసలు ఘటన వచ్చేసరికి కెమెరా పక్కకు తిప్పేస్తారు. బడ్జెట్ లేకనా?

కాదు. 'లార్జాన్'లో ఒక ముసలామె కాఫీ గిన్నె పట్టుకుని వస్తుంటుంది, తండ్రి చెంప మీద కొడతాడు. మనకు దెబ్బ వినిపిస్తుంది, కనిపించేది ఒలికిన కాఫీ. దెబ్బ చూపిస్తే కళ్ళు చెంప దగ్గరే ఆగిపోతాయి. కాఫీ చూపిస్తే ఆమె గిన్నె వదల్లేదన్న సంగతి కూడా తెలుస్తుంది. 'లాన్సెలాట్' (1974)లో గుర్రపు పోటీ అంతా గుర్రాల కాళ్ళు, ఈటెలు, ఎగిరే జెండాలు, సన్నాయిలాంటి బ్యాగ్‌పైప్ మోతలోనే జరిగిపోతుంది. 'ఎ మ్యాన్ ఎస్కేప్డ్'లో కాపలావాణ్ణి చంపే క్షణంలో మనం చూసేది ఉత్త గోడ మూల.

నేపథ్య సంగీతం ఎక్కడుంది?

మొదటి సినిమాల్లో ఉంది, పోనుపోను తీసేశారు. 'ఎ మ్యాన్ ఎస్కేప్డ్'లో మోజార్ట్ సి మైనర్ మాస్ (చర్చి ప్రార్థన సంగీతం) అప్పుడప్పుడు వస్తుంది. 'బాల్తజార్'లో షూబర్ట్ పియానో సొనాటా. 'ముషెత్'లో మాంతెవేర్ది సంగీతం మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి. 'లార్జాన్'కు వచ్చేసరికి వినిపించేది కథలోని మనిషి తన పియానో మీద వాయించుకునే బాఖ్ మాత్రమే. ఆ ఖాళీ జాగాలోకి చప్పుళ్ళు వచ్చాయి.

బోర్ కొడుతోంది. నాలోనే లోపమా?

లోపం కాదు, అలవాటు లేకపోవడం. మొదటి ఇరవై నిమిషాలు సబ్‌టైటిళ్ళు వదిలేసి చప్పుళ్ళు వినండి. అప్పటికీ కొడుతుంటే ఆపేయండి, ఏడాది పోయాక చూడొచ్చు.

## ఎవరు ఏం తీసుకున్నారు

పాల్ ష్రేడర్ సినిమాలకు, ఈయనకు సంబంధమేమిటి?

అందరికంటే బాహాటంగా అప్పు తీసుకున్నది అమెరికన్ దర్శకుడు ష్రేడరే. దర్శకుడు కాకముందు 1972లో ఓజు, బ్రెస్సన్, డ్రేయర్ అనే ముగ్గురు దర్శకుల శైలి మీద పుస్తకం రాశారు. 'పిక్‌పాకెట్'లో కథానాయకుడు బల్ల ముందు కూర్చుని డైరీ రాసుకుంటాడు, గొంతు వినిపిస్తుంది. ష్రేడర్ స్క్రిప్ట్ రాసిన 'టాక్సీ డ్రైవర్' (1976)లో కథానాయకుడు ట్రావిస్ కూడా అదే చేస్తాడు. 'పిక్‌పాకెట్' జైలు ఊచల మధ్య ప్రేమ ఒప్పుకోవడంతో ముగుస్తుంది. 'అమెరికన్ జిగలో' (1980), 'లైట్ స్లీపర్' (1992), 'ది కార్డ్ కౌంటర్' (2021) మూడింటినీ ష్రేడర్ జైలు ములాఖత్‌తోనే ముగించారు. 'ఫస్ట్ రిఫార్మ్‌డ్' (2017)లో పాస్టర్ డైరీ రాయడం, కడుపు జబ్బు, తాగుడు 'డైరీ ఆఫ్ ఎ కంట్రీ ప్రీస్ట్' నుంచి వచ్చాయి, మరికొంత స్వీడిష్ దర్శకుడు బెర్గ్‌మన్ నుంచి. ఒక్క తేడా, ష్రేడర్ దగ్గర వృత్తి నటులే ఉంటారు.

తార్కోవ్‌స్కీ, డార్డెన్ సోదరుల పేర్లు కూడా కలుపుతారు. నిజమేనా?

నిజమే. 1972లో రష్యన్ దర్శకుడు తార్కోవ్‌స్కీ తన పది ఇష్టమైన సినిమాల జాబితాలో 'డైరీ ఆఫ్ ఎ కంట్రీ ప్రీస్ట్'ను మొదట పెట్టారు, 'ముషెత్' కూడా అందులో ఉంది. 1983 కాన్ ఉత్సవంలో ఇద్దరూ ఒకే బహుమతి పంచుకున్నారు, 'లార్జాన్'కు బ్రెస్సన్, 'నొస్టాల్జియా'కు తార్కోవ్‌స్కీ. బెల్జియంకు చెందిన డార్డెన్ సోదరులు 'రొసెట్టా' (1999)లో కష్టాల్లో ఉన్న ఒక అమ్మాయిని వెంబడించిన తీరు 'ముషెత్'ను గుర్తు చేస్తుంది. 'లాంఫాన్' (2005) ముగింపు మళ్ళీ జైలు ములాఖతే. అయితే వాళ్ళ కెమెరా భుజం మీద ఊగుతూ పరిగెడుతుంది, బ్రెస్సన్ దాన్ని చస్తే ఒప్పుకునేవారు కాదు. వాళ్ళు తీసుకున్నది చూపు కాదు, వివరణ ఇవ్వకుండా పనిని చూపించే ధైర్యం.

'ఈఓ' సినిమా 'బాల్తజార్'కు రీమేకా?

కాదు. పోలిష్ దర్శకుడు యెర్జీ స్కోలిమోవ్‌స్కీ 2022లో తీసిన 'ఈఓ' కూడా గాడిద ప్రయాణమే, ప్రేరణ కూడా 'బాల్తజార్' నుంచే. కానీ అందులో ఎర్ర లైట్లు, ఎగిరే కెమెరా, భారీ సంగీతం ఉంటాయి. గాడిదకు కలలు, జ్ఞాపకాలు ఉన్నట్టు చూపిస్తారు. బ్రెస్సన్ గాడిద మనసులోకి మనల్ని వెళ్ళనివ్వరు, బయటే నిలబెడతారు. రెండూ ఒకే వారంలో చూస్తే తేడా చక్కగా తెలుస్తుంది.

మన దేశంలో ఆయన ప్రభావం ఎవరి మీద ఉంది?

ఇద్దరి మీద, నేరుగా. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఋత్విక్ ఘటక్ శిష్యులైన మణి కౌల్, కుమార్ షహానీ. షహానీ ఫ్రెంచ్ స్కాలర్‌షిప్ మీద పారిస్ వెళ్ళి 'యూన్ ఫామ్ దూస్' (1969)కు బ్రెస్సన్ దగ్గర పనిచేసి వచ్చారు, 1972లో 'మాయా దర్పణ్' తీశారు. మణి కౌల్ 'ఉస్కీ రోటీ' (1970) మోహన్ రాకేశ్ కథ. బస్సు డ్రైవరు భర్త కోసం రొట్టెలు పట్టుకుని రోడ్డు పక్కన ఎదురుచూసే భార్య. నటుల మాటల్లో ఎత్తుపల్లాలు లేకపోవడం, చేతుల దగ్గరి షాట్లు బ్రెస్సన్ పాఠమే. లెన్సుల విషయంలో మాత్రం కౌల్ తన దారి తాను చూసుకున్నారు. బ్రెస్సన్‌లా ఒక్క 50 ఎంఎం లెన్సుకు కట్టుబడకుండా ఒకదానికొకటి బాగా దూరమైన 28, 135 ఎంఎం లెన్సులు వాడారు.

తెలుగులో?

పోలికలు దొరుకుతాయి. బి. నర్సింగరావు 'దాసి' (1988)లో మౌనం, గడీలో ఇంటిపని చేసే చేతులు చూస్తే బ్రెస్సన్ గుర్తుకు రావచ్చు. కానీ పోలికను ప్రభావం అనకూడదు. 'దాసి' మూలాలు తెలంగాణ గడీల్లోనే ఉన్నాయి.

## కెమెరా పట్టాక

ఆయన 50 ఎంఎం ఒక్కటే వాడేవారట. నా ఫుల్-ఫ్రేమ్ కెమెరాకు 50 బిగిస్తే సరిపోతుందా?

సరిపోదు. అందరూ చేసే పొరపాటు ఇదే. సినిమా 35 ఎంఎం ఫ్రేము వెడల్పు సుమారు 22 ఎంఎం, ఫుల్-ఫ్రేమ్ సెన్సరు 36 ఎంఎం. అదే కోణం రావాలంటే ఫుల్-ఫ్రేమ్ మీద 75 నుంచి 85 ఎంఎం లెన్సు కావాలి. ఏపీఎస్-సి అనే చిన్న సెన్సరున్న కెమెరాకైతే 50 ఎంఎం లెన్సే సరిగ్గా కుదురుతుంది. ఫోన్‌లో మామూలు 1ఎక్స్ కెమెరా చాలా వెడల్పు, 3ఎక్స్ టెలి ఉంటే అది దగ్గరగా వస్తుంది. డిజిటల్ జూమ్ వద్దు.

ఈ కోణంలో 3 మీటర్ల దూరం నుంచి కనిపించేది సుమారు 1.3 మీటర్ల వెడల్పు. మనిషి తల నుంచి కాళ్ళ దాకా పట్టాలంటే 4:3 ఫ్రేములో 6 మీటర్లు వెనక్కి వెళ్ళాలి, 16:9 ఫ్రేములో ఏడున్నర. పది బై పన్నెండు అడుగుల గదిలో అది జరిగే పని కాదు. గోడకు ఆనుకుని నిలబడ్డాక మిగిలేవి చేతులు, తలుపు గడియ, బల్ల అంచు. అప్పుడు చాలామంది 24 ఎంఎంకు మారిపోతారు. మారకండి, గది మొత్తం చూపించాల్సిన అవసరమే లేకుండా సన్నివేశం రాసుకోండి.

నటుల్ని 'ఎక్స్‌ప్రెషన్ వద్దు' అన్నాను. రోబోల్లా వచ్చారు. ఏం తప్పు చేశాను?

'వద్దు' అని చెప్పడమే తప్పు. భావం దాచిపెట్టమంటే మనిషి దాచడాన్ని నటిస్తాడు. మెడ బిగుసుకుంటుంది, రెప్ప వాల్చడు. దానికి బదులు చేతికి పని ఇవ్వండి: చొక్కా బొత్తాలు పెట్టుకోవడం, తాళం తీయడం, చిల్లర లెక్కపెట్టడం. మాట ఆ పని మధ్యలో రావాలి. కళ్ళు ఎక్కడ పెట్టాలో ఖచ్చితంగా చెప్పండి, 'బల్ల కుడి మూల, తర్వాత గడియ' అని. 15, 20 టేకులు తీయండి, మొదటి ఐదూ రిహార్సల్ అనుకోండి. మెమరీ కార్డుకు ఖర్చు లేదు, బ్రెస్సన్ ఫిల్ముకు డబ్బు పోసి మరీ ఇలా తీశారు.

ఇంకో కారణం, ఎక్కువసార్లు అసలు కారణం ఇదే: పక్క షాట్లు లేకపోవడం. ఖాళీ ముఖం తర్వాత ఏ వస్తువూ, ఏ చప్పుడూ రాకపోతే అది ఖాళీ ముఖంగానే ఉండిపోతుంది.

డబ్బింగ్ చెప్పించాలా, లైవ్ సౌండా?

బ్రెస్సన్ చాలా సినిమాలకు తర్వాత స్టూడియోలోనే గొంతులు రికార్డు చేయించారు. డబ్బింగ్ మనవాళ్ళకు కొత్త కాదు, కానీ మన డబ్బింగ్ థియేటర్లో జరిగేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. అక్కడ తెరమీద తగ్గిన భావాన్ని గొంతుతో పెంచుతారు. ఇక్కడ పెంచినదాన్ని దించాలి.

తెలుగుతో ఒక చిక్కుంది. మన వాక్యం క్రియతో, ఎక్కువగా అచ్చుతో ముగుస్తుంది. ఆవేశం రాగానే నటుడు ఆ చివరి అచ్చును సాగదీస్తాడు, 'వెళ్ళిపోయావా' కాస్తా పాటయిపోతుంది. చివరి అక్షరాన్ని కోసేసినట్టు ఆపమనండి. తెరమీద బొమ్మ ఆపేసి, వాక్యం ఒక్కటే పది పన్నెండు సార్లు చెప్పించి, పెదవులకు తర్వాత కలపండి. నీరసంగా వస్తే వేగం పెంచండి. భావం తగ్గించమంటే అందరూ వేగం కూడా తగ్గించేస్తారు, బ్రెస్సన్ మోడళ్ళు నిజానికి చకచకా మాట్లాడతారు.

చప్పుళ్ళను ఎలా వాడాలి?

ఒక చప్పుడు బొమ్మ పనిని చేసేయగలిగితే బొమ్మను తీసేయొచ్చన్నది ఆయన వాదన. 'ఎ మ్యాన్ ఎస్కేప్డ్' చివర్లో కిర్రు కిర్రుమని ఏదో శబ్దం వస్తుంటుంది. అదేమిటో ఖైదీకి తెలియదు, మనకూ తెలియదు. చాలాసేపటికి, సైకిల్ మీద తిరుగుతున్న కాపలావాడు కనిపిస్తాడు.

పని వరస ఇలా పెట్టుకోండి. సన్నివేశంలో మోగే వస్తువుల జాబితా రాయండి, ఐదు దాటనివ్వకండి. ఒక్కోదాన్ని ఇంట్లో ఫ్యాన్, ఫ్రిజ్ ఆపేసి, మైకు జానెడు దూరంలో పెట్టి విడిగా రికార్డు చేయండి. లొకేషన్‌లో ఎవరూ కదలకుండా 60 సెకన్ల గది నిశ్శబ్దం తీసుకోండి, లేకపోతే చప్పుడుకూ చప్పుడుకూ మధ్య శూన్యం గుయ్యిమంటుంది. ఎడిటింగ్‌లో చప్పుడును బొమ్మ కంటే 10, 12 ఫ్రేములు ముందు మొదలుపెట్టండి. అన్నీ ఒకేసారి మోగనివ్వకండి. అడుగులు వినిపిస్తుంటే ట్రాఫిక్ తగ్గాలి. ఆన్‌లైన్ లైబ్రరీల్లో దొరికే తలుపు చప్పుడు మన టేకు తలుపుకు అతకదు, మీ తలుపే రికార్డు చేసుకోండి.

మొదటి ప్రయత్నానికి ఒక చిన్న వ్యాయామం చెప్పండి.

పర్సులోంచి 500 నోటు తీయడం. 60 సెకన్లు, ఎనిమిది షాట్లు, మాటల్లేవు. తలుపు గడియ. పాదాలు. బల్ల మీద పర్సు. చెయ్యి. పక్కగదిలో దగ్గు, వినిపించాలి, కనిపించకూడదు. ఆగిన చెయ్యి. మూసిన పర్సు, ముందున్నచోటే. ఖాళీ గుమ్మం. ముఖం ఒక్కసారే, అదీ దగ్గు వినిపించాక. నోటు బయటికి తీస్తున్న షాట్ కూడా తీయండి, ఎడిటింగ్‌లో పెట్టి చూసి, తీసేసి మళ్ళీ చూడండి. నోటు లేకపోతే దొంగతనం అర్థం కావడం లేదంటే తప్పు ఆ మూసిన పర్సు షాట్లో ఉంది. పర్సు మూత ముందున్నట్టే ఉందో, కాస్త తేడాగా ఉందో చూసుకోండి.

ఫెస్టివల్‌కు పంపేటప్పుడు 'బ్రెస్సన్ స్ఫూర్తితో' అని రాయొచ్చా?

రాయకండి. ఎంపిక కమిటీలో ఆ సినిమాలు చూసినవాళ్ళు కనీసం ఒక్కరైనా ఉంటారు. ఆ పేరు చూడగానే మీ షాట్‌ను పక్కన పెట్టి, వాళ్ళకు గుర్తున్న షాట్‌తో పోల్చడం మొదలుపెడతారు. కథ రెండు వాక్యాల్లో రాసి, నిడివి, భాష, సబ్‌టైటిళ్ళ వివరం ఇచ్చి పంపండి.